బడి వదిలాక మీ పిల్లలు ఎక్కడుంటున్నారు? సాయంత్రం 4 నుంచి 7 దాకా ఏం చేయొచ్చు?

సాయంత్రం 4 దాటింది. నాయుడుపేటలో బడి గంట కొట్టారు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఇంటికొచ్చి, పక్కింట్లో ఇచ్చి వెళ్లిన తాళంచెవి తీసుకుని తలుపు తీస్తాడు. అమ్మ మేనకూరు సెజ్‌లో షిఫ్టులో ఉంది. నాన్న హైవే మీద లారీ తోలుతున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఇల్లు చేరేసరికి 7 దాటుతుంది. ఈ మూడు గంటలు ఆ పిల్లాడు ఏం చేస్తాడు? ఫోన్ చూస్తాడా? స్వర్ణముఖి వైపు వెళ్తాడా? బస్టాండు దగ్గర స్నేహితులతో కూర్చుంటాడా? లేక లెక్కల పుస్తకం తీసి, అర్థం కాక మళ్లీ మూసేస్తాడా?

ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఉంటుంది. బహుశా అది మీ ఇల్లే కావచ్చు. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో పరిశ్రమలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే ఇళ్లు పెరిగాయి. కానీ బడి వేళలు, ఫ్యాక్టరీ వేళలు కలవవు. మధ్యలో మిగిలిపోతున్నది 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు. చిన్నపిల్లలను ఎవరో ఒకరి దగ్గర వదులుతాం. వీళ్లను మాత్రం 'పెద్దవాళ్లయ్యారు కదా' అని వదిలేస్తాం.

ఆ మూడు గంటలు ఎంత?

ముందు ఒక చిన్న లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. బడి ఉన్న ప్రతిరోజూ సాయంత్రం మూడు గంటలు ఖాళీ అనుకుంటే ఏడాదికి 660 గంటలు. అంటే తరగతి గదిలో పాఠం వినే సమయంలో దాదాపు మూడింట రెండొంతులు. సెలవు రోజులు కలపకుండానే ఇంత.

ఇంకో సంగతి. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికి వర్తిస్తుంది. పిల్లలు దారి తప్పే ప్రమాదం, చదువు మానేసే ప్రమాదం ఎక్కువయ్యేది సరిగ్గా ఆ తర్వాతే. చట్టం చేయి వదిలే వయసులోనే ఇంట్లో నిఘా కూడా తగ్గుతుంది.

డబ్బున్నవాళ్లు ఆ సమయాన్ని ట్యూషన్‌తో నింపుతారు. కేంద్ర ప్రభుత్వం 2025లో విడుదల చేసిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో 27 శాతం విద్యార్థులు ప్రైవేటు కోచింగ్‌కు వెళ్తున్నారు. పట్టణాల్లో ఇది 30.7 శాతం. అంటే పట్టణాల్లో కూడా పదిమందిలో దాదాపు ఏడుగురికి ట్యూషన్ లేదు. వాళ్లకు సాయంత్రం ఏముందన్నదే అసలు ప్రశ్న.

సాయంత్రం తరగతులతో చదువు మెరుగుపడుతుందా?

మన దేశంలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

మొదటిది ఢిల్లీలో. ప్రభుత్వ బడుల్లో చదివే మాధ్యమిక తరగతుల పిల్లల కోసం బడి వేళల తర్వాత నడిచిన కేంద్రాలపై కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. ఆ కేంద్రాల్లో పిల్లలు రోజుకు గంటన్నర ఉండేవారు. 45 నిమిషాలు కంప్యూటర్ మీద ఎవరి స్థాయికి తగ్గ పాఠం వాళ్లు చేసుకునేవారు. మరో 45 నిమిషాలు చిన్న బృందంగా ఒక బోధకుడి దగ్గర కూర్చునేవారు. దరఖాస్తు చేసినవారిలో లాటరీ తీసి సగం మందికి అవకాశం ఇచ్చారు. నాలుగున్నర నెలల తర్వాత చూస్తే లెక్కల్లోనూ హిందీలోనూ లాటరీ తగిలిన పిల్లలు మిగతావారికంటే స్పష్టంగా ముందున్నారు. తరగతి స్థాయికి బాగా వెనకబడిన పిల్లలు కూడా ముందుకు కదిలారు. మామూలు తరగతిలో వాళ్లు దాదాపు ఉన్నచోటే ఉండిపోతున్నారు.

ఎందుకలా? ఎనిమిదో తరగతి పిల్లాడికి ఐదో తరగతి భిన్నాలే రాకపోతే, బీజగణితం పాఠం ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. సిలబస్ పూర్తి చేయాల్సిన టీచరుకు వెనక్కి వెళ్లి చెప్పే తీరిక ఉండదు. సాయంత్రం గంటలో ఆ వెసులుబాటు ఉంటుంది.

రెండోది మనకు బాగా దగ్గర్లో, తడ దాటితే వచ్చే తమిళనాడులో. కరోనా వల్ల బడులు మూతపడి చదువులు దెబ్బతిన్నాక, 2021 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం 'ఇల్లం తేడి కల్వి' మొదలుపెట్టింది. ఇంటిని వెతుక్కుంటూ వచ్చే చదువు అని దాని అర్థం. ఊళ్లోనే ఉండే వలంటీర్లు, ఎక్కువగా మహిళలు, సాయంత్రం పూట గంట, గంటన్నర ఇంటి దగ్గరో సామూహిక స్థలంలోనో 1 నుంచి 8 తరగతుల పిల్లలకు చదువు చెప్పారు. నెలకు రూ.1,000 గౌరవ వేతనం. దాదాపు 2 లక్షల మంది వలంటీర్లు పనిచేశారు. చిన్న తరగతుల పిల్లలపై చేసిన అధ్యయనంలో, బడులు తెరిచాక తిరిగి పుంజుకున్న చదువులో సుమారు నాలుగో వంతు ఈ సాయంత్రం తరగతుల వల్లేనని తేలింది. పేద ఇళ్ల పిల్లలు వీటికి ఎక్కువగా వచ్చారు. అయితే ఈ పథకం ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది. తొమ్మిది, పది తరగతుల వారికి ఇలాంటిది ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

చదువు ఒక్కటేనా?

కాదు. ఈ వయసులో చదువుకంటే ముందు పిల్లలకు కావాల్సింది వెళ్లడానికి ఒక చోటు, పలకరించడానికి ఒక పెద్దమనిషి. ఇంట్లో వాళ్లు కాకుండా, మార్కులు అడగని మనిషి.

యూరప్‌లోని ఐస్‌లాండ్ ఈ విషయంలో ప్రపంచానికి పాఠమైంది. 1998లో అక్కడ 15-16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో మద్యం మత్తులో మునిగామని సర్వేలో చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి పడిపోయింది. రోజూ సిగరెట్ తాగేవారు 23 శాతం నుంచి 3 శాతానికి తగ్గారు. ఉపన్యాసాలతో వచ్చిన మార్పు కాదిది. సాయంత్రం పూట ఆటలు, సంగీతం, నాట్యం, క్లబ్బులు అందరికీ అందుబాటులోకి తెచ్చారు. రాజధాని రెక్యావిక్‌లో ఫీజుల కోసం ఒక్కో బిడ్డ పేరిట ఏటా కొంత సొమ్ముతో కార్డు ఇచ్చారు. పిల్లలు రాత్రి ఎన్నింటిలోపు ఇల్లు చేరాలో తల్లిదండ్రులంతా కలిసి పాటించారు. మద్యం, పొగాకు అమ్మకాలపై చట్టాలు బిగించారు. ఇవన్నీ కలిస్తేనే ఫలితం వచ్చింది.

మన రాష్ట్రంలోనూ గంజాయిపై ప్రభుత్వం ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టింది. పట్టుకోవడం పోలీసుల పని. సాయంత్రం 5 గంటలకు పిల్లాడికి అంతకంటే మంచి చోటు చూపించడం ఊరి పని.

గది తెరిస్తే చాలా?

చాలదు. ఇక్కడే చాలా కార్యక్రమాలు దెబ్బతింటాయి. అమెరికాలో ప్రభుత్వ నిధులతో నడిచిన పెద్ద సాయంత్రం కార్యక్రమాన్ని 2000ల తొలి ఏళ్లలో పరిశీలించినప్పుడు, మొత్తం మీద పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 2010లో పదుల కొద్దీ అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేడా ఎక్కడుందో గుర్తించారు. ఫలితం వచ్చిన చోట్ల నాలుగు లక్షణాలు కనిపించాయి: ఒకదాని తర్వాత ఒకటిగా నేర్పే పద్ధతి, పిల్లలే చేతులారా చేసే పని, దానికంటూ కేటాయించిన సమయం, ఏం నేర్పుతున్నామో స్పష్టత. ఇవి లేనిచోట పిల్లలు వచ్చారు, కూర్చున్నారు, వెళ్లారు. అంతే.

కాబట్టి మీ ఊళ్లో ఎవరైనా స్టడీ సెంటర్ పెడుతున్నామంటే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పిల్లల స్థాయి ఎలా చూస్తారు? రోజూ ఉండే మనిషి ఎవరు? వారానికి ఎన్ని రోజులు, ఏ వేళల్లో తెరుస్తారు?

మన దగ్గర ఇప్పటికే ఏమున్నాయి?

కొత్తగా భవనాలు కట్టక్కర్లేదు. ఉన్నవి తెరిస్తే సగం పని అయినట్టే.

బడి: పదో తరగతి వారికి పరీక్షల ముందు ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టడం మనకు అలవాటే. కానీ అవి పదికే, పరీక్షల కాలానికే పరిమితం. 2024 నవంబరులో రాష్ట్రంలో ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలల్లో సాయంత్రం 5 దాకా బడి నడిపే ప్రయోగం జరిగింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా బడి వేళలు కాని సమయంలో భవనాలను 'సామాజిక చేతన కేంద్రాలు'గా వాడుకోవచ్చని చెప్పింది.

మైదానం: సమగ్ర శిక్షా కింద ఉన్నత పాఠశాలకు ఆట వస్తువుల కోసం ఏటా రూ.25,000 వరకు ఇవ్వొచ్చు. ఆ బంతులు, బ్యాట్లు 4 గంటలకు బీరువాలోకి వెళ్లిపోతే ఉపయోగం ఏముంది?

ల్యాబ్: అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడికి కేంద్రం రూ.20 లక్షల వరకు గ్రాంటు ఇస్తుంది. 6 నుంచి 12 తరగతుల వారి కోసమే అది.

గ్రంథాలయం: దీనికి మీరు ఇప్పటికే డబ్బు కడుతున్నారు. ఆస్తి పన్ను మీద ప్రతి రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంటుంది. మీ పన్ను రూ.2,500 అయితే అందులో సెస్సు రూ.200. ఈసారి మున్సిపాలిటీ రసీదు చూడండి. పోటీ పరీక్షలకు చదివే పెద్దవాళ్లతో పాటు ఒక మూల హైస్కూలు పిల్లలకు కేటాయించమని అడిగే హక్కు మీకుంది.

అడ్డంకులు ఏమిటి?

మొదటిది ఆకలి. మధ్యాహ్నం తిన్న అన్నం సాయంత్రం 6 దాకా ఆగదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతి ప్రత్యేక తరగతుల పిల్లలకు రోజుకు రూ.15 చొప్పున సాయంత్రం అల్పాహారం ఇచ్చింది. ఉడికించిన శనగలో, వేరుశనగ ఉండలో ఉంటే పిల్లలు నిలబడతారు.

రెండోది అమ్మాయిల ప్రయాణం. చీకటి పడ్డాక ఇంటికి ఎలా రావాలన్న భయంతోనే చాలామంది అమ్మాయిలను పంపరు. అందుకే కేంద్రం నడిచిపోయేంత దూరంలో ఉండాలి, 6 లోపు ముగియాలి, ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. ఇంటికి జట్టుగా పంపాలి.

మూడోది పని. కొందరు పిల్లలు సాయంత్రం దుకాణంలోనో మెకానిక్ షెడ్డులోనో ఉంటారు. చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక సొంత కుటుంబ పనిలో, ప్రమాదం లేనిదైతే, సాయం చేయొచ్చు. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు.

నాలుగోది టీచర్లు. పొద్దుటి నుంచి పాఠాలు చెప్పినవారి మీదే సాయంత్రం భారం కూడా వేస్తే ఎక్కువ రోజులు నడవదు. డిగ్రీ చదివే స్థానిక యువతీ యువకులకు గౌరవ వేతనం ఇచ్చి పెట్టుకోవడమే మేలు.

ఖర్చు ఎంతవుతుంది?

మేం ఒక ఉజ్జాయింపు లెక్క వేశాం. 40 మంది పిల్లలు, నెలకు 20 రోజులు. అల్పాహారం రోజుకు రూ.15 చొప్పున నెలకు రూ.12,000. ఇద్దరు వలంటీర్లకు రూ.3,000 చొప్పున రూ.6,000. మొత్తం రూ.18,000. గది, కరెంటు బడివే అయితే ఒక్కో బిడ్డకు నెలకు రూ.450. మీరు కట్టే ట్యూషన్ ఫీజుతో పోల్చి చూడండి.

మీరు ఏం చేయొచ్చు?

1. ముందు మీ పిల్లలను అడగండి. 'ఎక్కడ తిరుగుతున్నావ్?' అని కాదు. 'సాయంత్రం ఎక్కడికైనా వెళ్లే వీలుంటే ఏం నేర్చుకుంటావ్?' అని.

2. బడి యాజమాన్య కమిటీలో మాట్లాడండి. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కులతో పాటు సాయంత్రం గది, మైదానం తెరిచే విషయం కూడా ఎత్తండి.

3. పది మంది తల్లిదండ్రులు సంతకాలు చేసి ఒక అర్జీ రాయండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రసీదు తీసుకోండి. 'ఏదైనా చేయండి' అని రాయకండి. 'ఫలానా బడిలో ఒక గది, మైదానం సాయంత్రం 6 వరకు తెరవాలి' అని స్పష్టంగా రాయండి.

4. మీరు ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే యాజమాన్యాన్ని కదిలించండి. పెద్ద కంపెనీలు చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద చేయాల్సిన ఖర్చులో విద్య కూడా ఉంది. తమ కార్మికుల పిల్లల సాయంత్రాల కంటే దగ్గరి అవసరం ఏముంటుంది?

5. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. మత్తు పదార్థాల సమాచారానికి 1972. మనసు బాగోలేక మాట్లాడాలనుకుంటే 14416.

ఇవేవీ కుదిరేదాకా ఒక పని మాత్రం ఈ రోజే చేయొచ్చు. మీ వీధిలో సాయంత్రం ఇంట్లో ఉండే పెద్దలెవరో చూడండి. రిటైరైన టీచరు కావచ్చు, డిగ్రీ చదివే అమ్మాయి కావచ్చు. నలుగురు పిల్లలు, ఒక అరుగు, ఒక లైటు. తమిళనాడులో లక్షల మంది పిల్లలకు అందిన చదువు చాలాచోట్ల అలాంటి అరుగుల మీదే నడిచింది.