తక్కువ తిరిగిన కారు, ఎక్కువ అరిగిన స్టీరింగ్

కొండాపూర్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు. మూడు నాలుగేళ్లయినా మీటరు మీద పెద్దగా కిలోమీటర్లు ఉండవు. అలాంటి కారుకు ‘టై రాడ్ ఎండ్ పోయింది’ అని మెకానిక్ అంటే నమ్మబుద్ధి కాదు. కానీ స్టీరింగ్ అరుగుదలను కిలోమీటర్లతో కొలిస్తే పొరపాటే, ముఖ్యంగా హైదరాబాద్‌లోని ఈ ఐటీ కారిడార్‌లో.

కదలకుండా నిలబడిన కారు చక్రాలను తిప్పడమే స్టీరింగ్‌కు అన్నిటికన్నా బరువైన పని. దొర్లే టైరులో నేలను తాకే రబ్బరు క్షణక్షణం మారుతుంటుంది కాబట్టి అది కొత్త దిక్కుకు తేలిగ్గా తిరుగుతుంది. ఆగిన టైరులో మాత్రం అరచేతంత రబ్బరు ఒకేచోట నేలను కరుచుకుని ఉంటుంది. తిప్పితే మెలిపడి, నేలకు రాసుకుంటుంది. ఆ ఎదురు బలమంతా చక్రాలను తిప్పే టై రాడ్ల మీద, వాటి చివరనున్న బాల్ జాయింట్ల (టై రాడ్ ఎండ్‌ల) మీద, ఆ రాడ్లను అటూఇటూ జరిపే ర్యాక్ అనే కడ్డీ పళ్ల మీద పడుతుంది. ఇక్కడి కార్లకు ఈ శ్రమ రోజూ తప్పదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి దాని చుట్టూ బండరాళ్లూ ఖాళీ జాగాలే ఎక్కువ. ఇప్పుడు అదే మాదాపూర్‌లో ఉదయం బేస్‌మెంట్ స్తంభాల మధ్య ముందుకీ వెనక్కీ తిప్పుతూ కారు పెట్టాలి, సాయంత్రం బయోడైవర్సిటీ కూడలి దగ్గర అంగుళం అంగుళం జరుగుతూ లేన్ మారాలి. హైవే మీద వందల కిలోమీటర్లు నేరుగా సాగిపోయే కారుకు ఈ శ్రమ లేదు.

ఈ బరువు మన చేతికి తెలియదు. 1988లో సుజుకి సెర్వో కారుతో మొదలైన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఇప్పుడు మన చిన్న కార్లలో కూడా ఉంది. స్టీరింగ్ తిప్పగానే లోపలి టోర్షన్ బార్ అనే ఉక్కు కడ్డీ కాస్త మెలితిరుగుతుంది. ఎంత తిరిగిందో సెన్సర్ కొలిస్తే, మోటారు ఆ మేరకు సాయపడుతుంది. చిన్న కార్లలో ఆ మోటారు సాధారణంగా డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్ కాలమ్ మీదే ఉంటుంది. అంటే మోటారు బలం కూడా కింది షాఫ్టు, దాని యూనివర్సల్ జాయింట్, పినియన్ అనే పళ్ల చక్రం, ర్యాక్ దాటుకునే చక్రానికి చేరాలి. చేతికి హాయిగానే ఉంటుంది, ఆ జాయింట్ల పని మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. అందుకే బేస్‌మెంట్‌లో కారును కొద్దిగా కదిలిస్తూ స్టీరింగ్ తిప్పండి.

బాల్ జాయింట్ మన తుంటి కీలులాగే ఉంటుంది: గిన్నెలో గుండు, చుట్టూ గ్రీజు, పైన బూట్ అనే రబ్బరు తొడుగు. నా లెక్కలో స్టీరింగ్ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఈ చవక రబ్బరే. ఎందుకో తెలియాలంటే మన నేలను చూడాలి. హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. అది శిథిలమై ఏర్పడే మొరంలో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోస్ కొలబద్ద మీద క్వార్ట్జ్ కాఠిన్యం 7, అది మామూలు ఉక్కును గీయగలదు. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వైపు కొత్త టవర్ల పునాదుల మట్టి లారీల మీంచి రోడ్డున పడుతుంది, వానొస్తే బురదై చక్రాల వెంట ఎగురుతుంది. బూట్ చిట్లిన చోట నీళ్లు దూరి గ్రీజును పాడుచేస్తాయి, ఇసుక గుండును అరగదీస్తుంది, తుప్పు మొదలవుతుంది. అందుకే వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి బూట్లు చూడమని అడగాలి. చిట్లగానే గుర్తిస్తే నష్టం చిన్నదే.

అరిగిన జాయింట్ గుంతల్లో టక్‌టక్ మంటుంది. స్టీరింగ్ కాస్త తిప్పినా కారు వెంటనే స్పందించకపోతే ఆ వదులును ప్లే అంటారు. పరీక్ష సులువే. ముందు చక్రాన్ని లేపి, కారును జాకీ మీద వదిలేయకుండా స్టాండు మీద నిలపాలి. లోపల ఒకరు స్టీరింగ్ కదలకుండా పట్టుకుంటే, బయట ఒకరు చక్రాన్ని గడియారంలో 9, 3 అంకెలుండే చోట పట్టి ఊపాలి. చక్రం ఊగితే అనుమానం టై రాడ్ ఎండ్ మీద, లేదా టై రాడ్ లోపలి చివరి జాయింట్ అయిన ర్యాక్ ఎండ్ మీద. 12, 6 దగ్గర పట్టి ఊపితే ఊగిందా, వీల్ బేరింగ్‌నీ కింది బాల్ జాయింట్‌నీ చూడాలి.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు బిగిస్తారు. అది అలైన్‌మెంట్ షాపు దాకా బండి నడపడానికే సరిపోతుంది. ఒక్క చుట్టు తేడా పడినా టైరు అంచు దగ్గర కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది, అక్కణ్నుంచి టైరు ఒకవైపే అరగడం మొదలవుతుంది. భాగం మార్చాకే అలైన్‌మెంట్ చేయించాలి. వదులు జాయింట్‌తో చేయిస్తే స్క్రీన్ మీద ఆకుపచ్చగా కనిపించిన అంకెలు మొదటి గుంత దగ్గరే చెదిరిపోతాయి. తీసిన స్ప్లిట్ పిన్నునో సెల్ఫ్ లాకింగ్ నట్టునో మళ్లీ వాడనివ్వకండి. రాణిగంజ్ దుకాణాల్లో చవక రకాలు దొరకవచ్చు, కానీ స్టీరింగ్ దగ్గర ఆ పొదుపు వద్దు.

ర్యాక్ విషయంలో ఒక హెచ్చరిక. ఎన్ని మలుపులు తిరిగినా, ఎక్కువ సమయం స్టీరింగ్ మధ్యలోనే కదులుతుంది కాబట్టి మధ్య పళ్లే ముందు అరుగుతాయి. ప్లే పోతుందని ర్యాక్ అడ్జస్టర్ బిగిస్తే, మధ్యలో సరిపోయిన బిగువు అరగని చివరి పళ్ల దగ్గర ఎక్కువై స్టీరింగ్ పట్టేస్తుంది. కాబట్టి గ్యారేజీ నుంచి బండి తీసుకునే ముందు ఖాళీ రోడ్డు మీద రెండు వైపులా మలుపు తిప్పి, పట్టు వదులు చేసి చూడండి. స్టీరింగ్ దానంతటదే మధ్యకు రావాలి. రాకపోతే డబ్బులు కట్టకముందే బండిని మళ్లీ ర్యాంపు ఎక్కించమనండి.