బడికి పదివేలు, అమ్మకు పదమూడువేలు

ముప్పై మంది లోపు పిల్లలున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం ఏడాదికి వచ్చే గ్రాంటు 10,000 రూపాయలు. నెలకు ఎనిమిది వందల ముప్పై చిల్లర. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, కారే కుళాయి, కాలిపోయిన ట్యూబులైటు అన్నీ అందులోంచే చూసుకోవాలి. పైగా అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. గ్రాంటు ఆలస్యమైతే హెడ్మాస్టరు తన జేబులోంచి పెట్టుకోవడం చిన్న బడుల్లో పనిచేసిన వాళ్లెవరికీ కొత్త కాదు.

అదే బడిలో రెండో తరగతి చదివే పాప ఇంటికి వెళ్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్‌లో మొదలైన ‘తల్లికి వందనం’ కింద ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు కేటాయించారు. అందులో 2,000 బడుల నిర్వహణకు మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. అంటే ఒక్క పాప పేరున ఇంటికి చేరిన సొమ్ము, ముప్పై మంది పిల్లల బడికి ఏడాది పొడవునా వచ్చే గ్రాంటు కన్నా ఎక్కువ.

అలాగని తల్లికిచ్చింది దండగ అనలేం. కూలికి వెళ్లే ఇంట్లో పిల్లను పత్తి చేనికి పంపాలా, బడికి పంపాలా అన్న లెక్క నిజంగానే ఉంటుంది. 2020 జనవరిలో చిత్తూరులో తల్లికి వందనానికి ముందటి పథకం ‘అమ్మఒడి’ని ప్రారంభించినప్పుడు డబ్బుకు 75 శాతం హాజరు షరతు పెట్టడం వెనకున్న ఆలోచన అదే. అప్పట్లో ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్కసారే ఇచ్చేవారు. ఇప్పుడు పిల్లలందరికీ ఇస్తున్నారు. చిక్కల్లా మరో చోట ఉంది. ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ ఇదే సొమ్ము అందుతుంది. జూన్‌లో ఖాతాలో పడ్డది జూన్‌లోనే ఫీజు కౌంటరులో తేలే ఇళ్లు తక్కువేం కాదు. ఆ రకంగా సర్కారు రూపాయి సర్కారు బడి గేటు ముందునుంచే పక్కవీధికి నడిచిపోతుంది.

మొత్తం ఎంత? 67 లక్షల మందికి పైగా విద్యార్థులకు 8,745 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. 2025-26 బడ్జెట్‌లో పాఠశాల విద్యకు చూపిన కేటాయింపు 31,805 కోట్లు. రెండూ పక్కపక్కన పెడితే ఆ ఒక్క పథకం పరిమాణం నాలుగోవంతు దాటుతుంది. దీంతో పోల్చితే, బడుల బాగుచేతకు 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘నాడు-నేడు’ తొలి విడతలో 15,715 బడులకు అయిన ఖర్చు సుమారు 3,669 కోట్లు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు అన్నీ ఆ డబ్బుతోనే వచ్చాయి. పనులు కాంట్రాక్టర్ల చేతికి కాక తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు.

కట్టడం ఒకసారి. కడగడం రోజూ. కొత్త మరుగుదొడ్డిని ఎవరు శుభ్రం చేయాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. 2021లో అమ్మఒడి సొమ్ములోంచే తల్లికి వెయ్యి తగ్గించి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. దాంతో బడికో ఆయాను నెలకు 6,000 రూపాయలకు పెట్టుకున్నారు. ఆ మినహాయింపు తర్వాత రెండు వేలైంది. ప్రభుత్వం మారింది. అమ్మఒడి తల్లికి వందనమైంది, గోరుముద్ద డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనమైంది, నాడు-నేడు మన బడి మన భవిష్యత్తైంది. ఆ రెండువేల మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు! బడి శుభ్రత ఖర్చు తల్లికివ్వాల్సిన దాంట్లోంచి కోసుకోవాల్సిన పద్దుగానే మిగిలింది. రంగులు వేసిన గోడకు ఫొటో ఉంటుంది, ఖాతాలో డబ్బు పడితే మెసేజ్ వస్తుంది. ఆయా జీతానికి ఆ రెండూ లేవు.

ఇక పంతుళ్ల సంగతి. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడిలో కూడా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల్లో దేశంలోకెల్లా ఎక్కువ ఏకోపాధ్యాయ పాఠశాలలున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్: 12,912. ఒక్క మాస్టారు, ఐదు తరగతులు. గుడ్ల లెక్క, హాజరు యాప్, భోజనం ఫొటో కూడా ఆయనవే. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు వెళ్లిన రోజు బడి ఎవరి మీద వదిలిపెట్టాలో ఆయనకే తెలియదు.

దీన్ని సర్దడానికి గత ప్రభుత్వం 2022లో 117 జీవో తెచ్చి, మూడు నుంచి ఐదు తరగతులను హైస్కూళ్లలో కలపడం మొదలుపెట్టింది. తరగతికో టీచరన్నది మంచి మాటే. కానీ తొమ్మిదేళ్ల పిల్ల రోడ్డు దాటి వెళ్లాల్సి వచ్చేసరికి ఊళ్లు ఎదురుతిరిగాయి. కూటమి ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి, 2025లో బడులను తొమ్మిది రకాలుగా విడగొట్టింది. టీచర్ల నియామకానికి 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నిర్వహించి దాదాపు పదహారు వేల మందిని ఎంపిక చేసింది. ఇన్ని ఖర్చుల్లోకి పిల్లకు నేరుగా చదువు చెప్పేది ఇదొక్కటే. ఏళ్ల తరబడి వాయిదాపడిందీ ఇదే.

తెలంగాణలో కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడ ఒక్క పిల్లా లేని బడులు 2,245 అని అవే యూడైస్ లెక్కలు చెబుతున్నాయి. విద్యకు బడ్జెట్‌లో 15 శాతం ఇస్తామన్నది కాంగ్రెస్ ఎన్నికల హామీ. 2025-26లో దక్కింది 3,04,965 కోట్లలో 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం చిల్లర. ఒక్కోదానికి 200 కోట్ల చొప్పున యంగ్ ఇండియా సమీకృత గురుకులాలు కడుతున్నారు. గురుకులంలో సీటొస్తే పేదింటి పిల్ల దశ తిరుగుతుంది, నిజమే. సీటు రాని పిల్ల వీధి చివరి బడికే పోవాలి.

ఆ బడి ఖాళీ కావడానికి కారణం పొద్దున్నే ఊళ్లోకొచ్చే పసుపు బస్సులో దొరుకుతుంది. ప్రైవేటు బడి పిల్లను మూడేళ్లకే ఎల్‌కేజీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి ఒకటో తరగతి దాకా ఆగమంటుంది. ఆ వయసొచ్చేసరికి పిల్లకు బస్సూ, టై, స్నేహితులూ అలవాటైపోతారు. 2025-26లో తెలంగాణ కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు మొదలుపెట్టింది. దానికి కావలసింది ఒక గది, ఒక ఇన్‌స్ట్రక్టరు, ఒక ఆయా.