పెట్టె ఎక్కడ దిగుతుంది?

విజయవాడ రోడ్డు వచ్చి ఔటర్ రింగురోడ్డును కలిసేది మా పెద్ద అంబర్‌పేటలోనే. సూర్యాపేట, ఖమ్మం, బెజవాడ వైపు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి పోయే కార్లు చాలావరకు ఇక్కడే మలుపు తిరుగుతాయి. రాత్రి పదింటికి టీ బడ్డీ దగ్గర నిలబడితే కారు నెత్తిన తాళ్ళతో బిగించిన పెట్టెలు కనిపిస్తాయి. లోపల కొత్త చీరెలో ఒక తల్లి, పక్కన తెచ్చిపెట్టుకున్న ధైర్యంతో ఒక తండ్రి. కూతురికి పురుడు పోయడానికి అమెరికా ప్రయాణం!

మా కాలనీలోనూ ఇటువంటి దంపతులకు కొదవలేదు. నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి గనుక, “మాస్టారూ, దారిలో ఏం చెయ్యాలో తెలుగులో ఒక కాగితం మీద వ్రాసిపెట్టండి” అని అడుగుతూంటారు. వారి బెంగ విమానం గురించి కాదు. “పెట్టె శంషాబాదులోనే తీసేసుకుంటారు. దోహాలో మనం వేరే విమానం ఎక్కుతాం. మరి పెట్టె గతేమిటి?” న్యాయమైన ప్రశ్నే. కాజీపేటలో బండి మారితే కూలీ నెత్తిమీది పెట్టెను కనిపెట్టుకుని వెనకాలే నడుస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు.

జవాబు కౌంటరులో మన చేతికిచ్చే చీటీలోనే ఉంది. పెట్టెకు కట్టిన పట్టీ మీదా, ఆ చీటీ మీదా దిగవలసిన ఊరు మూడక్షరాల్లో ఉంటుంది. హైదరాబాదుకు హెచ్.వై.డి., డల్లాసుకు డి.ఎఫ్.డబ్ల్యు., చికాగోకు ఓ.ఆర్.డి. (ఆ విమానాశ్రయాన్ని పూర్వం ఆర్చర్డ్ ఫీల్డ్ అనేవారు, పేరు మారినా అక్షరాలు మారలేదు.) కౌంటరు వదలక ముందే అది చదువుకోవాలి. పెట్టెకు పాత ప్రయాణాల పట్టీలు వేలాడుతూంటే చింపెయ్యాలి. సామాను వేరుచేసే యంత్రం గీతల గుర్తులు చూసి నడుస్తుంది. అది పాత గుర్తును చదివితే పెట్టె పాత ఊరికే పోగలదు.

ప్రయాణమంతా ఒకే టిక్కెట్టయితే సాధారణంగా పెట్టె చివరిదాకా బుక్కవుతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా, తరవాతి విమానంలో పంపే పూచీ కంపెనీదే. నాలుగువేలు కలిసివస్తాయని పిల్లలు రెండు వేర్వేరు టిక్కెట్లు కొన్నారా, చిక్కంతా అక్కడే. పెట్టె సాధారణంగా మొదటి టిక్కెట్టు ముగిసేచోట దిగిపోతుంది. దాన్ని తీసుకోవాలంటే ఆ దేశంలో కాలు పెట్టాలి. అందుకు వీసా కావాలి. అరవయ్యేళ్ళ మనుషులను ఒంటరిగా పంపేటప్పుడు అది పొదుపని నేననుకోను.

అమెరికా సంగతి వేరు. చీటీ మీద డల్లాసు అనే ఉన్నా, మొదట చికాగోలో దిగితే చికాగోలోనే పెట్టె తీసుకుని కస్టమ్స్ వారికి చూపి, బయట ఉన్న బెల్టు దగ్గర మళ్ళీ అప్పగించాలి. “చివరిదాకా బుక్ చేశాం” అన్న మాట నమ్ముకుని చక్కా నడిచిపోతే పెట్టె అక్కడే నిలిచిపోతుంది. అబూదాబీ దారిన పోయేవారికి ఈ బెడద తక్కువ. 2014 నుంచి అమెరికా అధికారులు అక్కడే కూర్చుని తనిఖీ ముగిస్తున్నారు. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలోనో బొంబాయిలోనో మొదట దిగితే సాధారణంగా అక్కడా ఇదే తంతు. కొన్ని విమానాలకు హైదరాబాదులోనే తనిఖీ ఉంటుంది కనుక బయలుదేరేచోటనే అడగడం మంచిది.

“మా పెట్టె ముందు పంపించెయ్యండి, మేం తరవాత విమానంలో వస్తాం” అంటే ఎందుకు ఒప్పుకోరని ఒక పెద్దాయన అడిగారు. దానికొక ఘోరమైన చరిత్ర ఉంది. 1985 జూన్‌లో కెనడాలోని వాంకూవర్‌లో ఒకడు పెట్టె అప్పగించి, టొరంటోలో ఎయిరిండియా విమానానికి మార్చమని పట్టుబట్టాడు. ఆ విమానంలో వాడికి సీటు ఖాయం కాలేదు. అయినా పెట్టె తీసుకున్నారు. మనిషి ఎక్కలేదు, పెట్టె ఎక్కింది. జూన్ 23న ఐర్లండు సమీపాన సముద్రం మీద కనిష్క విమానం పేలిపోయి 329 మంది ప్రాణాలు పోయాయి. మనిషికీ పెట్టెకూ లంకె ఉండాలన్న నియమం ఆ తరవాతనే గట్టిపడింది. కౌంటరులో “పెట్టె మీరే సర్దారా?” అని అడిగితే విసుక్కోనక్కరలేదు.

ఇక సర్దడం. బీ.పీ., షుగరు మాత్రలు, కళ్ళజోడు, ఒక జత బట్టలు, కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి. పవర్‌బ్యాంకూ అంతే, అప్పగించే పెట్టెలో పెట్టరాదు. ఎండుకొబ్బరి కూడా ఆ పెట్టెలో పనికిరాదు. దానిలో నూనె ఎక్కువ. వేడెక్కి తనంతట తానే అంటుకునే సరుకుల్లో దాన్ని చేర్చారు. పచ్చి కరివేపాకును అమెరికాలో రానివ్వరు. నారింజ తోటలకు తెగులు తెచ్చే పురుగు దానిమీద బ్రతుకుతుంది. మాగాయకు అభ్యంతరం లేదు గాని, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఇంత చేసినా బెల్టు ఆగిపోయి, మన పెట్టె రాకపోవచ్చు. అప్పుడు ఆ హాలు దాటి బయటికి రాకూడదు. అక్కడే సామాను కౌంటరులో చీటీ చూపి పి.ఐ.ఆర్. అనే ఫిర్యాదు వ్రాయించి, దాని నంబరు తీసుకోవాలి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం పెట్టె దెబ్బతింటే చేతికందిన 7 రోజుల్లోనూ, ఆలస్యంగా వస్తే 21 రోజుల్లోనూ వ్రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. 2024 డిసెంబరు 28 నుంచి మనిషికి 1,519 ఎస్.డి.ఆర్.లదాకా పరిహారం అడగవచ్చు; మన రూపాయల్లో లక్షన్నరకు పైమాటే. కాని అది గరిష్ఠం. పెట్టెలో ఏమున్నాయో, వాటి విలువెంతో మనమే చూపాలి. అందుకే మూత వేసేముందు సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకోమని ఆ కాగితంలో మొదటి వరుసలోనే వ్రాసిస్తున్నాను.