ఇమాక్యులాటా కళాశాల మహిళల బాస్కెట్‌బాల్: కొన్ని చారిత్రక ఘట్టాలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
- అమెరికా కళాశాలల్లో మహిళల బాస్కెట్‌బాల్ మొదలైన తీరును వివరించగలుగుతారు.
- 1972-1977 మధ్య ఇమాక్యులాటా జట్టు సాధించిన విజయాలను, వాటి వెనుక ఉన్న కారణాలను తెలుపగలుగుతారు.
- సమాన అవకాశాల చట్టం వచ్చిన తరువాత ఒక చిన్న కళాశాల వెనుకబడిన క్రమాన్ని విశ్లేషించగలుగుతారు.

7.1 ప్రస్తావన

అమెరికాలో మహిళల కళాశాల బాస్కెట్‌బాల్ అనగానే నేడు టెన్నెస్సీ, కనెక్టికట్ వంటి పెద్ద విశ్వవిద్యాలయాల పేర్లు వినిపిస్తాయి. కాని ఆ దేశంలో కళాశాల మహిళల మొదటి మూడు అధికారిక జాతీయ టైటిళ్లను వరుసగా గెలుచుకున్నది అటువంటి విశ్వవిద్యాలయం కాదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి పడమట, కాథలిక్ సిస్టర్లు నడిపిన ఇమాక్యులాటా అనే చిన్న మహిళా కళాశాల. వారికి సొంత ఆటస్థలం లేదు. క్రీడా ఉపకారవేతనాలు లేవు. అయినా గెలిచారు. కొద్ది సంవత్సరాలకే మహిళల క్రీడలకు డబ్బు, చట్టబద్ధమైన హక్కు రెండూ వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఈ కళాశాల జాతీయ స్థాయి నుండి తప్పుకోవలసి వచ్చింది.

ఏమీ లేనప్పుడు గెలిచిన జట్టు, అన్నీ వస్తున్నప్పుడు ఎందుకు నిలవలేకపోయింది? ఈ పాఠంలో మనం చర్చించే ప్రశ్న ఇదే. తేదీలను, స్కోర్లను చదివేటప్పుడు ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి.

7.2 పూర్వరంగం

బాస్కెట్‌బాల్‌ను జేమ్స్ నైస్మిత్ 1891లో మసాచుసెట్స్ రాష్ట్రంలో రూపొందించాడు. మరుసటి ఏడాదే, ఆ పరిసరాల్లోనే ఉన్న స్మిత్ కళాశాలలో వ్యాయామ విద్య బోధించే సెండా బెరెన్సన్ ఈ ఆటను తన విద్యార్థినులకు పరిచయం చేసింది. అయితే నియమాలను మార్చింది. కోర్టును మూడు భాగాలుగా విభజించి, ఎవరి భాగంలో వారే ఆడాలన్నది. ఎదుటివారి చేతిలోని బంతిని లాక్కోకూడదన్నది. స్త్రీల శరీరం ఎక్కువ శ్రమను తట్టుకోలేదన్న ఆనాటి నమ్మకానికి, ఆడాలన్న అమ్మాయిల కోరికకు మధ్య కుదిరిన రాజీ ఇది. 1896లో స్టాన్‌ఫర్డ్, బర్కిలీ విద్యార్థినుల మధ్య రెండు కళాశాలల పోటీ జరిగింది. చూడడానికి పురుషులను రానివ్వలేదు. స్టాన్‌ఫర్డ్ 2-1 తేడాతో గెలిచింది.

తరువాతి దశాబ్దాలలో ఆ నమ్మకమే బలపడింది. పోటీతత్వం స్త్రీలకు తగదని వ్యాయామ విద్యావేత్తలే వాదించారు. అనేక కళాశాలలు మహిళా జట్లను రద్దు చేశాయి. మిసిసిపీ రాష్ట్రంలోని డెల్టా స్టేట్ కళాశాల 1932లో తన జట్టును తీసివేసింది. కారణం, ఆట స్త్రీలకు మరీ కఠినమైనదట. ఆ జట్టులో అప్పటి క్రీడాకారిణి మార్గరెట్ వేడ్. ఆమె పేరు ఈ పాఠంలో మళ్లీ వస్తుంది.

మార్పు 1960ల చివర మొదలైంది. 1969లో వెస్ట్ చెస్టర్ స్టేట్ కళాశాల కోచ్ కరోల్ ఎక్‌మన్ దేశంలోని మహిళా జట్లను ఆహ్వానించి ఒక జాతీయ టోర్నమెంట్ నిర్వహించింది. 1971లో రెండు ముఖ్యమైన పరిణామాలు జరిగాయి. మొదటిది, జట్టుకు ఐదుగురు, కోర్టు అంతా తిరిగి ఆడవచ్చు అన్న నియమం కళాశాల మహిళలకూ అధికారికంగా వచ్చింది. రెండవది, కళాశాల మహిళల క్రీడల కోసం మహిళలే నడిపే ఒక జాతీయ సంఘం ఏర్పడింది. దాని ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలను బట్టి ఏఐఏడబ్ల్యూ అంటారు. ఈ సంఘం తొలి జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నమెంటును 1972 మార్చిలో జరిపింది.

7.3 ఇమాక్యులాటా విజయాలు

7.3.1 జట్టు పరిస్థితి

ఇమాక్యులాటాను 1920లో స్థాపించారు. కళాశాల వ్యాయామశాల 1967లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అప్పటి నుండి జట్టు సాధనకు సిస్టర్ల మఠంలోని ఒక హాలే దిక్కయింది. సొంత కోర్టు లేనందున మ్యాచ్‌లన్నీ బయటే. క్రీడాకారిణులు ధరించినది కుచ్చిళ్లు పెట్టిన బరువైన ఉన్ని గౌను.

1970లో కాథీ రష్ అనే 22 ఏళ్ల యువతి కోచ్‌గా చేరింది. ఏడాదికి జీతం 450 డాలర్లు. ఆమె చదివినది వెస్ట్ చెస్టర్‌లో. పురుషుల జట్లు వాడే ఎత్తుగడలను ఆమె తన జట్టుకు నేర్పింది. ఎదుటి జట్టు బంతి అందుకున్న క్షణం నుండే కోర్టు పొడవునా అడ్డుకోవడం, బంతి చిక్కగానే వేగంగా ఎదురుదాడికి దిగడం వాటిలో ముఖ్యమైనవి. కొత్తగా వచ్చిన ఐదుగురి నియమం లేకపోతే ఈ ఎత్తుగడలకు చోటే ఉండేది కాదని గమనించండి.

ఇక క్రీడాకారిణులు. ఫిలడెల్ఫియా కాథలిక్ చర్చిల పరిధిలో, పాఠశాలల్లో బాలికల బాస్కెట్‌బాల్ లీగులు ఎప్పటి నుండో ఉన్నాయి. అక్కడ ఆడి పెరిగిన అమ్మాయిలు ఇంటికి దగ్గరగా ఉన్న కాథలిక్ కళాశాలలో చేరడం సహజం. జట్టులో అందరికంటే మేటి థెరెసా షాంక్ వేరే రాష్ట్రంలోని కళాశాలకు వెళ్లవలసినది. ఇల్లు అగ్నిప్రమాదానికి గురికావడంతో కుటుంబానికి దగ్గరగా ఉండాలని ఇమాక్యులాటాలో చేరింది. అంటే ఈ జట్టు వెనుక ఉన్నది అదృష్టం ఒక్కటే కాదు. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక స్థానిక క్రీడా సంప్రదాయం కూడా ఉంది.

7.3.2 1972: మొదటి టైటిల్

జాతీయ టోర్నమెంటుకు ముందు జరిగిన ప్రాంతీయ ఫైనల్‌లో ఇమాక్యులాటా 38-70 తేడాతో వెస్ట్ చెస్టర్ చేతిలో చిత్తుగా ఓడింది. అయినా ఇలినాయి రాష్ట్రంలో జరిగే 16 జట్ల జాతీయ టోర్నమెంటుకు అర్హత దక్కింది. బలాబలాలను బట్టి ఇచ్చిన వరుసలో వారి స్థానం 15.

ప్రయాణానికి డబ్బు లేదు. విద్యార్థినులు టూత్‌బ్రష్‌లు అమ్మి కొంత కూడబెట్టారు. అది చాలక ఎనిమిది మంది క్రీడాకారిణులు మాత్రమే బయలుదేరారు. వారు కూడా, సీట్లు మిగిలితేనే విమానం ఎక్కనిచ్చే చౌక టికెట్ల మీద వెళ్లారు. వరుసగా గెలుస్తూ ఫైనల్ చేరారు. అక్కడ ఎదురైనది అదే వెస్ట్ చెస్టర్. కొద్ది రోజుల క్రితం 32 పాయింట్ల తేడాతో ఓడించిన జట్టుపై ఇమాక్యులాటా 52-48తో నెగ్గింది. కాథీ రష్ తాను చదివిన కళాశాలనే ఓడించి తొలి జాతీయ టైటిల్ సాధించింది.

7.3.3 1973, 1974: వరుస విజయాలు

1973లో జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ ఏడాది టోర్నమెంట్ న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ కళాశాలలో జరిగింది. ఆతిథ్యమిచ్చిన క్వీన్స్ జట్టునే ఫైనల్‌లో 59-52తో ఓడించారు. 1974లో కాన్సాస్ రాష్ట్రంలో జరిగిన ఫైనల్‌లో మిసిసిపీ కళాశాలపై 68-53తో గెలిచి మూడవ టైటిల్ సాధించారు.

ఈ మ్యాచ్‌లలో ప్రేక్షకుల గురించి కూడా చెప్పుకోవాలి. క్రీడాకారిణి రెనీ ముత్ తండ్రికి ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. ఆయన తెచ్చిన బకెట్లను కర్రలతో వాయిస్తూ సిస్టర్లు జట్టును ఉత్సాహపరిచేవారు. స్త్రీలు ఆడుతుంటే పురుషులు చూడరాదన్న 1896 నాటి పరిస్థితిని గుర్తు చేసుకోండి. 78 ఏళ్లలో వచ్చిన దూరం అర్థమవుతుంది.

7.3.4 1975: దేశం చూసిన ఆట

1975 జనవరి 26న మేరీలాండ్ విశ్వవిద్యాలయంతో జరిగిన మ్యాచ్‌లో ఇమాక్యులాటా 80-48తో గెలిచింది. దేశమంతటా టెలివిజన్‌లో ప్రసారమైన మొదటి మహిళల కళాశాల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌గా దీనిని పేర్కొంటారు. నెల తిరగకముందే, ఫిబ్రవరి 22న, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తొలిసారిగా మహిళల కళాశాల మ్యాచ్ జరిగింది. క్వీన్స్‌పై ఇమాక్యులాటా 65-61తో నెగ్గింది. చూడడానికి వచ్చినవారు 11,969 మంది. టికెట్ కొని మహిళల ఆట చూసే జనం ఉన్నారని ఆ రోజు రుజువైంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
(అ) ఐదుగురు ఆడే నియమానికి, కాథీ రష్ ఎత్తుగడలకు గల సంబంధం ఏమిటి?
(ఆ) 1972 ప్రాంతీయ ఫైనల్, జాతీయ ఫైనల్ ఫలితాలను పోల్చండి.

7.4 చట్టం, డబ్బు, మారిన పోటీ

1972 జూన్ 23న, అంటే ఇమాక్యులాటా తొలి విజయానికి మూడు నెలల తరువాత, అమెరికాలో విద్యా సవరణల చట్టం అమలులోకి వచ్చింది. అందులోని తొమ్మిదవ శీర్షిక ప్రకారం, సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే విద్యా కార్యక్రమాలలో స్త్రీ, పురుష వివక్ష చూపరాదు. ఆంగ్లంలో 37 పదాలే ఉన్న ఆ వాక్యంలో ‘క్రీడ’ అన్న మాటే లేదు. 1975లో వచ్చిన నిబంధనలు క్రీడలకూ అది వర్తిస్తుందని స్పష్టం చేసి, సర్దుకోవడానికి కళాశాలలకు 1978 వరకు గడువు ఇచ్చాయి.

ఉపకారవేతనాల విషయం వేరే దారిలో తేలింది. పురుషుల క్రీడల్లోని అక్రమాలు మహిళల క్రీడల్లోకి రాకూడదని ఏఐఏడబ్ల్యూ మొదట క్రీడా ఉపకారవేతనాలను నిషేధించింది. ఉద్దేశం మంచిదే. కాని పురుషులకు అందేది తమకు ఎందుకు అందరాదని ఫ్లోరిడాలోని టెన్నిస్ క్రీడాకారిణులు 1973లో కోర్టుకు వెళ్లారు. సంఘం అదే ఏడాది నిషేధాన్ని సడలించింది.

ఈ రెండు మార్పుల ఫలితాన్ని ఇప్పుడు ఆలోచించండి. అప్పటి వరకు ఏ కళాశాలకూ మహిళల బాస్కెట్‌బాల్ మీద పెట్టే డబ్బు పెద్దగా లేదు. అందరూ పేదలే అయిన పోటీలో మంచి కోచ్, స్థానిక ప్రతిభ ఉన్న జట్టు గెలుస్తుంది. చట్టం వచ్చాక పెద్ద విశ్వవిద్యాలయాలు మహిళా జట్లకు నిధులు, స్టేడియాలు, ఉపకారవేతనాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఉచితంగా చదువు చెప్పించే విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు ప్రతిభ గల అమ్మాయి అక్కడికే వెళుతుంది. వెళ్లడం న్యాయం కూడా. చిన్న కళాశాల దానితో పోటీ పడలేదు.

మార్పు 1975 ఫైనల్‌లోనే కనిపించింది. ఇమాక్యులాటాను 90-81తో ఓడించినది డెల్టా స్టేట్. 1932లో జట్టును రద్దు చేసిన ఆ కళాశాల 1973లో దానిని పునరుద్ధరించింది. కోచ్, నాడు ఆటకు దూరమైన మార్గరెట్ వేడ్. మేటి క్రీడాకారిణి లూషియా హారిస్. 1976 ఫైనల్‌లోనూ డెల్టా స్టేట్‌దే విజయం. 1972 నుండి 1977 వరకు ప్రతి ఏటా ఇమాక్యులాటా తుది నాలుగు జట్లలో నిలిచింది. ఆ తరువాత ఆ స్థాయి తిరిగి రాలేదు. 149 విజయాలు, 15 ఓటములతో కాథీ రష్ 1977లో తప్పుకుంది.

మహిళలు నడిపిన సంఘానికీ ఇదే గతి పట్టింది. పురుషుల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మొదట ఈ చట్టాన్ని వ్యతిరేకించింది. తరువాత 1982లో తానే మహిళల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ప్రారంభించింది. దాని డబ్బుకు, టెలివిజన్ ఒప్పందాలకు ఎదురు నిలవలేక ఏఐఏడబ్ల్యూ అదే ఏడాది కార్యకలాపాలు నిలిపివేసింది. మరొక మార్పు కూడా గమనించదగినది. 1972లో కళాశాల మహిళా జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా మహిళలే. జీతాలు పెరిగాక ఆ ఉద్యోగాలకు పురుషులు పోటీపడ్డారు. మహిళల వాటా సగానికంటే తగ్గిపోయింది.

7.5 మూల్యాంకనం

అయితే చట్టం వల్ల నష్టమే జరిగిందా? అలా అనడం పొరపాటు. టూత్‌బ్రష్‌లు అమ్మి ఆడడం వినడానికి అందమైన కథే గాని, ఏ క్రీడాకారిణికీ అది హక్కుగా కోరుకోదగిన పరిస్థితి కాదు. చట్టం లక్షలాది బాలికలకు ఆటస్థలం తెరిచింది. దానితో పోలిస్తే ఒక కళాశాల ఓటమి చిన్నదే. కాని హక్కును సాధించడం వేరు, ఆ హక్కుతో వచ్చిన వనరులు ఎవరి చేతికి చేరాయన్నది వేరు. మొదటి ప్రశ్నకు చట్టం సమాధానం చెప్పింది. రెండవ ప్రశ్నకు సమాధానం అప్పటికే డబ్బు, అధికారం ఉన్న సంస్థలు చెప్పాయి. ఈ రెండింటినీ విడదీసి చూడడం మీరు ఈ పాఠం నుండి నేర్చుకోవలసిన ముఖ్య విషయం.

ఇమాక్యులాటాను నారుమడితో పోల్చవచ్చు. నారు పెరిగాక పీకి పెద్ద పొలంలో నాటుతారు. నారుమడి ఖాళీ అవుతుంది. పంట మాత్రం దాని నుండి వచ్చినదే. మరియాన్ క్రాఫర్డ్ వివాహానంతరం మరియాన్ స్టాన్లీగా, ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయ కోచ్‌గా 1979, 1980, 1985లలో జాతీయ టైటిళ్లు సాధించింది. థెరెసా షాంక్, థెరెసా గ్రెంట్జ్‌గా, 1982లో ఏఐఏడబ్ల్యూ చివరి టైటిల్‌ను రట్‌గర్స్ విశ్వవిద్యాలయానికి అందించింది. 1992 ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టుకు కోచ్ ఆమే. ఆ సంఘపు మొదటి టైటిల్ ఆటగత్తెగా, చివరి టైటిల్ కోచ్‌గా ఆమెకే దక్కడం విశేషం.

గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. నైస్మిత్ పేరిట ఉన్న బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2008లో కాథీ రష్‌కు, 2014లో 1972-74 ఇమాక్యులాటా జట్టు మొత్తానికి స్థానం లభించింది. 2005 నుండి పురుషులకూ ప్రవేశం కల్పించిన ఆ సంస్థ ప్రస్తుతం క్రీడా ఉపకారవేతనాలు లేని మూడవ డివిజన్‌లో ఆడుతోంది.

7.6 సారాంశం

ఇమాక్యులాటా మహిళల జట్టు 1972, 1973, 1974లలో తొలి మూడు జాతీయ టైటిళ్లు గెలుచుకుంది. స్థానిక క్రీడా సంప్రదాయం, కొత్త నియమాలు, నేర్పుగల కోచ్ అందుకు కారణాలు. సమానత్వ చట్టం, ఉపకారవేతనాలు మహిళల క్రీడను విస్తరింపజేశాయి. అదే సమయంలో పోటీని వనరులు గల పెద్ద సంస్థల వైపు మళ్లించాయి. కళాశాల వెనుకబడినా, దాని క్రీడాకారిణులు ఆ పెద్ద సంస్థలలోనే కోచ్‌లుగా ఆటను నిర్మించారు.

7.7 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సెండా బెరెన్సన్ చేసిన నియమాల మార్పును ఆనాటి సామాజిక దృష్టితో వివరించండి.
2. 1975లో జరిగిన రెండు ముఖ్య మ్యాచ్‌ల ప్రాధాన్యాన్ని తెలపండి.

II. క్రింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ‘హక్కు లభించడం, వనరులు అందడం ఒకటి కావు.’ ఇమాక్యులాటా చరిత్ర ఆధారంగా చర్చించండి. మీకు తెలిసిన పాఠశాల లేదా కళాశాలలో బాలికలకు ఆటస్థలం ఏ వేళల్లో, ఎంతసేపు అందుబాటులో ఉంటుందో పరిశీలించి, ఆ వివరాలను మీ సమాధానంలో చేర్చండి.