ఏసీ బయటి డబ్బాకు దుమ్ము పడితే...

ఎండాకాలం యూసుఫ్‌గూడ రోడ్డు మీద నడుస్తూ ఒకసారి తల పైకెత్తి చూడండి. మేడల గోడలకు తెల్లటి డబ్బాలు కనిపిస్తాయి. వాటి లోపల పంకా గిర్రున తిరుగుతుంటుంది. దగ్గరికి పోతే వేడి గాలి ముఖానికి కొడుతుంది. అవి ఏసీల బయటి డబ్బాలు.

ఒకప్పుడు ఏసీ అంటే పైన జూబ్లీహిల్స్ బంగళాలకే, సినిమా వాళ్లకే అనుకునేవాళ్లం. ఇప్పుడు కింద బస్తీల్లో కూడా ఏసీలు పెట్టుకుంటున్నారు. కొందరు వాయిదాల మీద కొంటారు. కొందరు పాతది కొంటారు.

ఒక అక్క సంగతి అనుకుందాం. ఆమె జూబ్లీహిల్స్‌లో రెండిళ్లలో పని చేస్తుంది. ఒక ఇంటివాళ్లు కొత్త ఏసీ పెట్టుకుని, పాతది తక్కువ ధరకు ఆమెకు ఇచ్చారు. ఉక్కపోతకు అత్తమ్మకు నిద్ర పట్టడం లేదని తీసుకుంది. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో వేసవికి గది చల్లబడలేదు. కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంది. మెకానిక్ వచ్చాడు. "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి" అన్నాడు. అడిగిన డబ్బు ఆమె జీతంలో సగం!

నిజంగా గ్యాస్ అయిపోయిందా? ఇది తెలియాలంటే ముందు ఏసీ ఎలా పని చేస్తుందో తెలుసుకోవాలి.

ఏసీ చేసే పని ఏమిటి?

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలోని వేడిని తీసి బయట పారబోస్తుంది. అంతే.

మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ చెమర్చుతుంది. ఆ చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఏసీ గొట్టాల్లో కూడా అలాంటి పనే జరుగుతుంది. లోపలి డబ్బాలో ఒక ద్రవం ఆవిరవుతుంది. అప్పుడు గదిలోని వేడిని తీసుకుంటుంది. ఆ ఆవిరినే మనం గ్యాస్ అంటాం. అది బయటి డబ్బాకు పోతుంది.

బయటి డబ్బాలో కంప్రెసర్ ఉంటుంది. అది గ్యాస్‌ను గట్టిగా నొక్కుతుంది. సైకిలుకు గాలి కొడితే పంపు వేడెక్కుతుంది కదా! అలాగే గ్యాస్ కూడా బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాస్ సన్నటి గొట్టాల్లో తిరుగుతుంది. గొట్టాల చుట్టూ పలచటి అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగా ఉంటాయి. దీన్నే కండెన్సర్ అంటారు. చూడడానికి జాలీలా ఉంటుంది. పంకా ఆ జాలీ గుండా గాలిని లాగుతుంది. వేడి బయటికి పోతుంది. గ్యాస్ మళ్లీ ద్రవమై లోపలికి వస్తుంది.

ఇప్పుడు ఆ జాలీకి దుమ్ము పట్టిందనుకోండి. గాలి ఆడదు. వేడి పోదు. కంప్రెసర్ ఎంత తిరిగినా గది చల్లబడదు.

బిల్లు ఎందుకు పెరుగుతుంది?

ఒక లెక్క వేద్దాం. ఏసీ 1,500 వాట్లది అనుకుందాం. గంట ఆగకుండా తిరిగితే 1.5 యూనిట్లు కాలుతుంది. గది చల్లబడితే కంప్రెసర్ మధ్యమధ్య ఆగుతుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే నెమ్మదిస్తుంది. చల్లబడకపోతే ఆగదు.

రోజుకు 8 గంటలు ఆగకుండా తిరిగితే 12 యూనిట్లు. 30 రోజులకు 360 యూనిట్లు.
ఆగుతూ ఆగుతూ 5 గంటలే తిరిగితే 7.5 యూనిట్లు. 30 రోజులకు 225 యూనిట్లు.
తేడా 135 యూనిట్లు. పైగా యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది.

మనమే శుభ్రం చేయడం ఎలా?

బయటి డబ్బా నేల మీదో, బాల్కనీలోనో చేతికి అందేలా ఉంటేనే చేయండి.

1. రిమోట్‌తో ఆపితే చాలదు. మెయిన్ స్విచ్ కట్టేయండి.
2. మెత్తటి బ్రష్‌తో జాలీ మీది దుమ్ము దులపండి. రేకులు ఎటు నిలువుగా ఉంటే అటే, పైనుంచి కిందికి దులపాలి. అడ్డంగా రుద్దితే రేకులు వంగుతాయి. వాటి అంచులు పదునుగా ఉంటాయి, చేతులు జాగ్రత్త.
3. తరువాత జాలీ మీద నీళ్లు మెల్లగా పోయండి. గట్టిగా కొట్టవద్దు. వైర్లున్న వైపు నీళ్లు పడకూడదు.
4. యాసిడ్, బట్టల సోడా వాడవద్దు. అల్యూమినియం తినేస్తుంది.
5. బాగా ఆరిన తరువాతే స్విచ్ వేయండి.

డబ్బా మూత మాత్రం విప్పవద్దు. లోపల కెపాసిటర్ అనే భాగం ఉంటుంది. స్విచ్ కట్టేసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. ముట్టుకుంటే షాక్ కొడుతుంది. లోపలి నుంచి కడగడం మెకానిక్ పని.

ఎండలు మొదలయ్యే ముందు ఒకసారి, నడి వేసవిలో మరోసారి శుభ్రం చేయాలి. రోడ్డు పక్క ఇల్లయితే ఇంకా తొందరగా దుమ్ము పడుతుంది. డబ్బా మీద బట్టలు ఆరేయవద్దు. ముందర సామాను పెట్టవద్దు. లోపలి డబ్బాలోని ఫిల్టర్‌ను 15 రోజులకు ఒకసారి మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టండి.

మరి గ్యాస్ మాటేమిటి?

గ్యాస్ స్టవ్వులో కిరసనాయిలు లాంటిది కాదు. వాడితే అయిపోదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా గ్యాస్ నింపితే చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే. అందుకే ముందు జాలీ, ఫిల్టర్ శుభ్రం చేసి చూడాలి. అప్పటికీ చల్లబడకపోతే మెకానిక్‌ను పిలవండి. "మీటరు పెట్టి చూపించు తమ్ముడూ. లీకు ఎక్కడుందో చూపించు" అని అడగండి. అడగడం తప్పు కాదు. డబ్బు మనది.

మన అక్క అలాగే చేసింది. జాలీ నుంచి పిడికెడు దుమ్ము వచ్చింది. ఆ రాత్రి అత్తమ్మ హాయిగా పడుకుంది.

ఇంకొక మాట. మన బస్తీల పిల్లలు చాలామంది ఈ పనికి పోతున్నారు. ఐదో అంతస్తు గోడకు ఉన్న డబ్బా కడగాలంటే ప్రాణంతో పని. నడుముకు బెల్టు, తాడు లేకుండా ఎక్కవద్దని మీ కొడుక్కి, తమ్ముడికి చెప్పండి. మీ ఇంటికి వచ్చిన మెకానిక్‌కూ చెప్పండి. అతనూ ఒక తల్లి బిడ్డే.

ఆలోచించండి:
- మీ ఇంట్లో, మీరు పని చేసే ఇంట్లో బయటి డబ్బా ఎక్కడ ఉంది? దానికి గాలి ఆడుతోందా?
- పోయిన వేసవి బిల్లు తీయండి. ఎన్ని యూనిట్లు కాలాయో మీరే చదవండి.