పాత కంపైలర్ మ్యాక్రోలు తీసేసే ముందు

పాత సి, సి ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్ ఏది తెరిచినా 'కంపాట్' అనే పేరుతో ఒక హెడర్ ఫైల్ తగులుతుంది. లోపలంతా ఇఫ్‌డెఫ్‌లే. అప్పటి కంపైలర్లలో లేని సౌకర్యాల కోసం రాసుకున్న మ్యాక్రోలన్నమాట. ఇప్పుడు ఆ కంపైలర్లే ఎవరూ వాడట్లేదు కదా, తీసేద్దాం అనుకుంటాం. తీసేయాల్సిందే. కానీ అన్నీ ఒకేలాంటివి కావు.

1998లో వచ్చిన విజువల్ సి ప్లస్ ప్లస్ 6 సంగతి చూడండి. ఫర్ లూప్‌లో డిక్లేర్ చేసిన వేరియబుల్, లూప్ అయిపోయాక కూడా బతికే ఉండేది. దానికి విరుగుడుగా కొందరు ఏకంగా 'ఫర్' అనే కీవర్డ్‌నే మ్యాక్రో చేసేశారు! ఇలాంటిది నిర్భయంగా తీసేయొచ్చు. ఎక్కడైనా తేడా వస్తే కంపైలరే అరుస్తుంది.

అరవనివాటితోనే చిక్కు. విజువల్ స్టూడియో 2015కి ముందు అందులో స్టాండర్డ్ ఎస్ఎన్‌ప్రింటెఫ్ లేదు. ముందు అండర్‌స్కోర్ ఉన్న వేరే ఫంక్షన్ ఉండేది. చాలామంది ఒక్క లైన్ మ్యాక్రోతో దాన్నే దీని పేరుతో వాడేశారు. పేరు కలిసింది గానీ పని కలవలేదండి.

10 బైట్ల బఫర్‌లో 14 అక్షరాలు రాయమన్నాం అనుకోండి. పాతది పదీ నింపేసి, చివర నల్ పెట్టకుండా, నెగటివ్ సంఖ్య ఇస్తుంది. స్టాండర్డ్‌ది 9 అక్షరాలు రాసి, నల్ పెట్టి, 14 ఇస్తుంది. మీ కోడ్‌లో "సున్నా కంటే తక్కువ వస్తే స్ట్రింగ్ తెగినట్టు" అనే చెక్ ఉందా? 14 దాన్ని హాయిగా దాటేస్తుంది. ఆ 14నే కలుపుకుని పాయింటర్‌ని ముందుకు జరిపారా, బఫర్ బయటికి పోయారు. వార్నింగ్ కూడా రాకపోవచ్చు.

ఇంకో మెలిక. ఆ మ్యాక్రో చుట్టూ "ఎంఎస్‌సి వెర్ 1900 కంటే తక్కువైతేనే" అనే షరతు ఉంటే, 1900 అంటే ఈ 2015 వెర్షనే, కాబట్టి కంపైలర్ మార్చిన రోజే ప్రవర్తన మారిపోయింది. మీరు ఇవాళ తీసేది శవాన్నే! లినక్స్ బిల్డ్‌లో అయితే ఆ చెక్ మొదట్నుంచీ తప్పే.

అందుకే నేను మ్యాక్రో కంటే ముందు దాన్ని పిలిచే చోట్లన్నీ వెతుకుతాను. రిటర్న్ విలువని బఫర్ సైజుతో పోల్చేలా దిద్ది, తర్వాతే డిలీట్. ఒక మ్యాక్రోకి ఒక కమిట్. వందసార్లు పిలిచి ఉంటే? ఓపిగ్గా వందా చూడాలండి, వేరే దారి లేదు.

మీది లైబ్రరీ అయి, ఆ హెడర్ బయటివాళ్లు కూడా ఇంక్లూడ్ చేసుకుంటుంటే కథ వేరు. అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.