డి డ్రైవ్‌లో ఉంటే భద్రమేనా?



“విండోస్ పాడైనా ఫర్వాలేదు, పిల్లల ఫొటోలు, ప్రాజెక్టులు అన్నీ డి డ్రైవ్‌లో వేసుకున్నాం” అని చాలామంది ధీమాగా చెబుతుంటారు. విండోస్ మళ్లీ వేయించాల్సి వస్తే ఆ జాగ్రత్త పనికొస్తుంది. హార్డ్‌డిస్కే పోతే పనికిరాదు. చాలా ఇళ్లలో కంప్యూటర్లో ఉండేది ఒక్కటే డిస్క్. సి, డి అనేవి దానిలోనే చేసిన రెండు వాటాలు.

ఆ డిస్క్ లోపల పళ్లేల్లాంటివి నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా, వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ ఎత్తులో, డేటా చదివే హెడ్ కదులుతుంది. ఒక్క కుదుపుకి అది తగిలినా గీతలు పడతాయి. టక్ టక్‌మని శబ్దం మొదలైతే వెంటనే కంప్యూటర్ ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం వల్లే ఎక్కువ నష్టం. కొత్త ల్యాప్‌టాప్‌లలోని ఎస్‌ఎస్‌డీలైతే ఆ శబ్దం కూడా లేకుండానే ఆగిపోవచ్చు.

కాబట్టి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని, విండోస్‌లో ‘ఫైల్ హిస్టరీ’ ఆన్ చేయండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: అది డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లనే దానంతట అది తీసుకుంటుంది. డి డ్రైవ్‌లో ఉన్నవి మీరే చేర్చాలి. మ్యాక్ ఉన్నవారికి ‘టైమ్ మెషీన్’ ఉంది. కాపీ అయ్యాక డిస్క్ తీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే పిడుగుపాటుకైనా, వైరస్‌కైనా రెండూ కలిసే పోవచ్చు.

బాగా ముఖ్యమైనవి గూగుల్ డ్రైవ్‌లోనూ ఉంచండి; జీమెయిల్, ఫొటోలతో కలిపి 15 జీబీ వరకు ఉచితం. అయితే సింక్ పెట్టిన ఫోల్డర్లో మీ అబ్బాయి పొరపాటున ఫైలు తీసేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.

పిల్లలకు ‘టాయ్ స్టోరీ 2’ సినిమా తెలిసే ఉంటుంది. 1998లో దాని ఫైళ్లు పొరపాటున చెరిగిపోయాయి. బ్యాకప్ ఉంది, కానీ సరిగా పనిచేయడం లేదని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. పసిబిడ్డ ఉండటంతో ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని కంప్యూటర్లో ఉన్న కాపీయే ఆదుకుంది.

ఈ ఆదివారం మీ బ్యాకప్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఏదైనా ఒక పాత ఫొటో తెరుచుకుంటుందేమో మీ పిల్లలతోనే చూడమనండి.